బావమరిది పేరున

నేను కట్టిన వాయిదాలన్నిటికీ మంచిపేరు నా బావమరిదికి వచ్చింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. బ్యాంకువాళ్ల కంప్యూటర్లో అలాగే రాసి ఉంది. అతను నికార్సయిన మనిషని అది చెబుతుంది. నేనొకణ్ని ఉన్నానని కూడా దానికి తెలియదు.

నాది పాత సోఫాలకు, కుర్చీలకు కొత్త బట్ట వేసే పని. పాతది విప్పి, లోపలి స్ప్రింగులు బిగించి, కుంగిన ఫోము తీసి కొత్తది పెట్టి, పైన రెక్సిన్ గానీ గుడ్డ గానీ లాగి మేకులు కొడతాను. లాగడంలోనే ఉంటుంది పనంతా. వదులుగా లాగితే ఏడాది తిరక్కుండా ముడతలు పడుతుంది. మరీ బిగిస్తే మూలల దగ్గర చిరుగుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఒకే గదిలో ఈ పని చేశాను. వీధి వైపు వెడల్పాటి తలుపు. ఎంత పెద్ద సోఫా అయినా పక్కకు వాల్చకుండా లోపలికి వస్తుంది. వెనక కిటికీ. ఆ కిటికీ కింద కూర్చుని నా భార్య సోఫా గుండీలకు గుడ్డ తొడిగేది. ఆమె పోయాక ఆ పని కూడా నేనే చేసుకుంటున్నాను. నా గుండీలు అంత గుండ్రంగా రావు.

మొదట్లో అంతా చేతికుట్టే. మందపాటి రెక్సిన్ కుట్టే మిషను కావాల్సి వచ్చింది. అమ్మేవాడు వాయిదాల మీద ఇస్తానన్నాడు. జీతం కాగితం చూపించమన్నాడు. నాకు జీతం ఎవడిస్తాడు? నా భార్య తమ్ముడికి అప్పుడే నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది.

"తమ్ముడి పేరున తీసుకుందాం" అంది ఆమె. "కట్టేది మనమే కదా. పేరు నీది కాదని మిషను కుట్టనంటుందా?"

అప్పుడు నవ్వాను. మిషను బాగానే కుట్టింది.

అదే అలవాటయింది. మేకులు కొట్టే గన్నుకు గాలి కంప్రెసరు అతని పేరున. సరుకు మోసే బండి అతని పేరున. ఇంట్లో టీవీ అతని పేరున. చివరికి ఆమె వైద్యానికి తీసుకున్న అప్పు కూడా అతని పేరునే. ప్రతి నెలా గడువుకు ముందే డబ్బు అతని చేతిలో పెట్టాను. ఆమె మంచం మీద ఉన్న నెలల్లో కూడా పెట్టాను. పల్లెలో మా బడి పంతులు, పక్కవాడి బలపం అడిగి తీసుకుని తిరిగి ఇవ్వని పిల్లవాణ్ని సాయంత్రం దాకా గుమ్మంలో నిలబెట్టేవాడు. చదువు పెద్దగా అబ్బలేదు గానీ అది మాత్రం ఒంటబట్టింది. ఒకరి సొమ్ము నా దగ్గర ఉంటే నాకు నిద్ర పట్టదు.

తమ్ముడి పేరున తీసుకుందామన్నందుకు ఆమెను కూడా నేను క్షమించలేదు. పోయినవాళ్లను క్షమించడం తేలికంటారు. నాకు కాలేదు.

గది యజమానురాలు ఉద్యోగం మానేసిన టీచరు. వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు కర్ర పట్టుకుని వచ్చి, నేను అప్పుడే బట్ట వేసిన కుర్చీలో అడక్కుండానే కూర్చుంది.

"మా అక్క దగ్గరికి వెళ్లిపోతానయ్యా. ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నా. ఈ గది అమ్మేస్తాను. ముందు నీకే చెబుతున్నా. నువ్వు కొంటానంటే ఇంకొకరి మొహం చూడను."

"ఎంతకమ్మా?"

చెప్పింది. న్యాయమైన ధర. సగం నా దగ్గర ఉంది.

"మిగతాది బ్యాంకులో అడుగు. నీలాంటివాడికి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు?" అంది. "చలికాలం దాకా ఆగుతాను. ఆ తర్వాత నా మోకాళ్లు ఆగవు."

గది పోతే నా పని సగం పోతుంది. ఆ వీధి చివర మలుపు తిరగ్గానే కనిపించే గది అది. జనం నా పేరు అడగరు. మలుపులో సోఫాలాయన అంటారు. ఈ వయసులో కొత్త చోట మళ్లీ జనానికి అలవాటవడం నా వల్ల కాదు. ఇంకొక కారణం కూడా ఉంది. అది కిటికీ సంగతి చెప్పినప్పుడే చెప్పేశాను.

బ్యాంకులో లోన్ల సీటులో ఒక అమ్మాయి ఉంది. కళ్ల కింద నలుపు. నా కాగితాలు చూసి కంప్యూటర్లో ఏవో కొట్టింది. మళ్లీ కొట్టింది.

"బాబాయిగారూ, మీ పేరు మీద ఏమీ రావడం లేదండీ."

"బాకీ లేదు కదా. ఏం వస్తుంది?"

"బాకీ లేకపోవడం వేరండీ. మీరు ఎప్పుడూ అప్పు తీసుకోలేదు, తీర్చలేదు. తీరుస్తారని మాకెలా తెలుస్తుంది?"

"నా బతుకంతా తీరుస్తూనే ఉన్నానమ్మా."

"ఎవరి పేరునండీ?"

చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది.

"అయితే అదంతా ఆయన కిందకి వెళ్లిపోయిందండీ. మీ దగ్గరికి రాదు."

తర్వాత క్రెడిట్ కార్డు ఉందా అని అడిగింది. లేదన్నాను. తీసుకోమంది. వద్దన్నాను.

"చాలామంది దాంతోనే మొదలుపెడతారండీ."

"జేబులో లేని డబ్బు ఖర్చు పెట్టడం నాకు చేతకాదు. ఈ వయసులో నేర్చుకోను."

"సరే, అది లేకుండా కూడా దారులున్నాయి. కాస్త నెమ్మది, అంతే. మీ డబ్బులో కొంత ఇక్కడ డిపాజిట్ వేయండి. దాని మీదే చిన్న లోను ఇస్తాం. నెలనెలా కట్టుకుంటూ పోండి. కరెంటు మీటరు, ఫోను మీ పేరు మీదకి మార్చుకోండి. అద్దె చేతికివ్వకండి, బ్యాంకులోంచి పంపండి. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది."

"నా డబ్బు మీ దగ్గర పెట్టి, దాన్నే నేను అప్పుగా తీసుకుని, మీకు వడ్డీ కట్టాలి."

"అవునండీ."

"దీనికి మా ఊళ్లో వేరే పేరుంది."

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టాను.

పక్క గదిలో తాళాలు బాగుచేసే మనిషి ఉంటాడు. వీధి అంతటికీ అతను తాళాలే. నన్ను మేకులంటాడు.

"ఏం మేకులూ, బ్యాంకులో ఏమన్నారు?"

"నేను లేనంట."

"నాకెప్పుడో అనుమానం. మా ఆవిణ్ణి తీసుకెళ్లు, నువ్వున్నావని ఒట్టేసి చెబుతుంది. ఆవిడ కుర్చీ ఇంకా ఇవ్వలేదుగా నువ్వు."

"ఈ వారం ఇస్తాను."

"ఇవ్వకు. ఇచ్చేస్తే ఆవిడకి కూడా నువ్వు గుర్తుండవు."

లోను మొదలైంది. ఎంతో కాదు, ఒక సోఫా సెట్టుకు అయ్యే సరుకు ఖర్చు. అయినా అది నా మీద ఉందన్న సంగతి లోపల గుచ్చుతూనే ఉండేది. మేకులు నోట్లో పెట్టుకుని పనిచేసే అలవాటు నాది. ఎప్పుడైనా ఒకటి మింగానేమోనని అనుమానం వస్తే రోజంతా ధ్యాస గొంతు దగ్గరే ఉంటుంది. అలా ఉండేది. ముద్ద నోట్లో పెట్టుకుంటే గుర్తొచ్చేది. దుప్పటి కప్పుకుంటే గుర్తొచ్చేది.

ఈలోపు ఒక లాడ్జివాళ్ల కుర్చీల పని వచ్చింది. ఒప్పుకున్న రోజుకు ఇచ్చాను. వాళ్లు కూడా మొత్తం ఒకేసారి ఇచ్చారు. ఆ డబ్బు తీసుకుని ఇంటికి కూడా వెళ్లకుండా బ్యాంకుకు వెళ్లాను. కౌంటరులో కుర్రాడికి ఇచ్చి, లోను మొత్తం కట్టేశాను. అతను రసీదు చేతిలో పెట్టాడు. చాలా రోజుల తర్వాత భుజాల బరువు దిగినట్టయింది. ఆ అమ్మాయికి కూడా చెబుదామని ఆమె సీటు దగ్గరికి వెళ్లాను.

"మొత్తం కట్టేశానమ్మా."

"ఏం కట్టేశారండీ?"

"లోను."

రసీదు తీసుకుని చూసింది. నుదుటికి చెయ్యి ఆనించుకుంది.

"ఎవరు కట్టమన్నారండీ మిమ్మల్ని?"

"అప్పు తీర్చడానికి ఒకరు చెప్పాలా?"

"బాబాయిగారూ, మాకు కావాల్సింది ఆ డబ్బు కాదు. అది ఎలాగూ మీ డిపాజిట్లోనే ఉంది. మీరు నెలనెలా చెప్పిన తేదీకి కట్టడం మాకు కనిపించాలి. కనీసం ఆరు నెలలైనా నడవాలి. మూడో నెలకే మూసేశారు. ఇంత చిన్నదాంతో ఏమీ తేలదు. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి."

"అంటే బాకీ పెట్టుకుని తిరిగితే మంచివాణ్ని. తీర్చేస్తే ఎవడో దారినపోయేవాణ్ని."

"అలాగే అనుకోండి."

ఆ అమ్మాయి విసుక్కోలేదు. విసుక్కునే ఓపిక కూడా ఆమెకు ఉన్నట్టు లేదు. నా వెనక వరసలో ఒకాయన దగ్గుతున్నాడు. లేచి వచ్చేశాను.

తాళాలతో చెప్పాను. తప్పు చేశాను చెప్పి. మధ్యాహ్నమంతా చేతిలో తాళం పెట్టుకుని నవ్వాడు.

"పెళ్లిచూపులకెళ్లి తాళి కట్టేసి వచ్చావన్నమాట."

"నీ పని చూసుకో."

"నా పనే ఇది. లోపల పడి తాళం వేసుకున్నవాళ్లని బయటికి తీయడం."

రెండోసారి మొదలుపెట్టడానికి వాయిదాల మీద ఫ్రిజ్ తీసుకున్నాను. ఈసారి డిపాజిట్ కాగితం చూపించి, నా పేరున. ఒక్కడి వంటకు ఫ్రిజ్ ఎందుకు? అందులో ఒక నీళ్ల సీసా, పొద్దున మిగిలిన కూర గిన్నె. అంతే. అది గుర్రుమంటూ ఉంటే వింటూ పడుకునేవాణ్ని. నెల మొదట్లోనే డబ్బు విడిగా తీసి కవరులో పెట్టేవాణ్ని. గడువు దాకా ఆ కవరు ముట్టుకోకూడదు. ఒకసారి ఆగలేక ముందే షాపుకు వెళితే అక్కడ కూర్చున్న మనిషి తలెత్తకుండానే, "ఇంకా టైముంది పెద్దాయనా, ఇంటికెళ్లండి" అన్నాడు. అప్పు తీర్చడానికి వెళ్లి తరిమించుకున్నవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

చలికాలం నా కోసం ఆగలేదు. టీచరమ్మ సామాను సర్దడం మొదలుపెట్టింది. నా ఫ్రిజ్ లెక్క ఇంకా తేలలేదు. బ్యాంకు అమ్మాయిని అడిగాను.

"తేలినా కూడా గదికి సరిపడా ఇప్పుడే ఇవ్వరండీ. మంచి స్కోరున్నవాళ్లు మీతో కలిసి సంతకం పెడితే అవుతుంది. గది మీ పేరునే ఉంటుంది. మీ బావమరిదిగారు ఉన్నారు కదా."

ఆ మాట వినకూడదనే ఇన్ని నెలలు ఫ్రిజ్ గుర్రు విన్నాను. అయినా వెళ్లాను.

అతని ఇంట్లో ముందుగదిలో సోఫా నేను చేసిందే. ఊరికే చేసిచ్చాను. అందులోనే కూర్చోబెట్టారు. నేను నోరు విప్పకముందే అతను ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టాడు.

"చూడు బావా. మా ఆఫీసులో ఎవరికీ ఇంత లేదు. ఆఫీసరుకు కూడా లేదు."

స్కోరు చూపించే అర్ధచంద్రంలాంటి బొమ్మ. ఎర్రరంగు దాటి, పసుపు దాటి, ముల్లు పచ్చరంగు చివరికి వెళ్లి నిలబడి ఉంది.

"ఎలా వచ్చింది?" అన్నాను.

"ఇన్నేళ్లలో ఒక్క వాయిదా తప్పలేదు బావా నేను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య తల వంచుకుంది. అతను వంచుకోలేదు. వెటకారం కాదు. మనసారా నమ్ముతున్నాడు. ఏళ్ల తరబడి నా డబ్బు అతని చేతుల మీదుగా వెళ్లి వెళ్లి, అది అతని మంచితనమే అయి కూర్చుంది.

వచ్చిన పని చెప్పాను. కలిసి సంతకం పెట్టమన్నాను.

"జాయింటా?" అన్నాడు. "అది ఎందుకు బావా? నీ పేరు పక్కన పెడితే వాళ్లు లేనిపోని ప్రశ్నలు వేస్తారు. నేనే కొంటాను. నువ్వు ఎప్పటిలాగే నెలనెలా నా చేతిలో పెట్టు. అంతా తీరాక నీ పేరున రాసిచ్చేస్తా."

"నా పేరునే కావాలి. మొదట్నుంచీ."

"నా మీద నమ్మకం లేదా?"

"నేను కట్టింది నేను కట్టినట్టు ఉండాలి."

"ఎవరు కడితే ఏంటి బావా, ఇంట్లోవాళ్లమే కదా."

"అయితే ఈసారి నువ్వు కట్టు."

నవ్వాడు. నేను సరదాకన్నాననుకున్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు.

"అక్క ఉంటే నువ్విలా మాట్లాడేవాడివి కాదు."

లేచాను. చెప్పులు వేసుకుంటుంటే అతని భార్య గుమ్మం దాకా వచ్చింది.

"అన్నయ్యగారూ, కాఫీ కలిపాను."

"నువ్వు తాగమ్మా" అన్నాను.

తర్వాత కొన్నాళ్లు టీచరమ్మ కనిపించలేదు. కనిపించిన రోజు మొహం వెలిగిపోతోంది.

"ఒక బరువు దిగిందయ్యా. మీ బావమరిది వచ్చి అంతా చకచకా చేసేశాడు. బ్యాంకువాళ్లు చేతులు కట్టుకుని ఇచ్చారంట. ఎంత మర్యాదస్తుడో. నువ్వే పంపించావు కదా?"

ఆవిడకు సగం కంటిచూపు పోయింది. నా మొహంలో ఏముందో ఆవిడకు తెలియదు. "వెళ్లేముందు మీ కుర్చీ కాలు బిగిస్తాను, పంపించండి" అన్నాను.

సాయంత్రం అతనే వచ్చాడు. మిఠాయి పెట్టె, కొత్త తాళంచెవి. తాళం కూడా కొత్తదే తెచ్చాడు, పక్కనున్న తాళాలను అడక్కుండా బజారులో కొని.

"గది ఎక్కడికీ పోలేదు బావా. నీ మేకు కూడా కదలక్కర్లేదు. నువ్వు కోపంలో అన్నావని నేను పట్టించుకోలేదు. వాయిదా కాగితం ఇదిగో. ఎప్పటిలాగే."

నిజంగానే నాకు మేలు చేశానని అనుకుంటున్నాడు. అందుకే అతనితో పోట్లాడటానికి ఏమీ దొరకలేదు. వాయిదా కాగితం తీసుకుని చూశాను. పైన అతని పేరు. ఇంకా పదేళ్లు ఆ పేరును నేను మోయాలి. నేను పోతే గది ఎవరిదో, పదేళ్లూ ఎవరు కట్టారో ఏ కంప్యూటరూ చెప్పదు. కాగితం తిరిగి అతని చేతిలో పెట్టాను.

"నెలాఖరుకు ఖాళీ చేస్తాను."

"ఎక్కడికి వెళతావు బావా ఈ వయసులో?"

కత్తెరకు పదును పెడుతూ కూర్చున్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మిఠాయి పెట్టె మర్చిపోయాడు. తాళాలకు ఇచ్చేశాను. అతను ఒకటి నోట్లో వేసుకుని, ఏదో అనబోయి, నన్ను చూసి ఊరుకున్నాడు. అతను ఊరుకోవడం అదే మొదటిసారి.

మిషను విప్పడానికి పూట పట్టింది. నేలకు బిగించిన బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. తాళాలే నూనె పోసి ఊడదీశాడు. కొత్త గది చాలా దూరం. పాత టైర్ల గోదాము వెనక. తలుపు ఇరుకు. సోఫాను నిలువుగా వాల్చి, కాళ్లు ముందు పెట్టి లోపలికి తోయాలి. కిటికీ లేదు, పైన ఒక గాజు పలక ఉంది. ఒప్పందం నా పేరున. మీటరు నా పేరున. అద్దె నా బ్యాంకులోంచి వెళుతుంది. పాత గిరాకీలో సగం మంది నన్ను వెతుక్కుంటూ రాలేదు. మలుపులో సోఫాలాయన మలుపులో లేడు మరి.

ఎండలు మళ్లీ మొదలయ్యాక బ్యాంకు అమ్మాయి ఫోన్ చేసి పిలిపించింది.

"మీ పేరు వచ్చిందండీ. మంచి స్కోరే. ఫ్రిజ్ వాయిదాలన్నీ తేదీకి పడ్డాయి కదా." తెర నా వైపు తిప్పింది. అక్కడ నేనున్నాను. "ఇప్పుడు అడగండి బాబాయిగారూ, లోను ఇస్తాం."

"దేనికి?" అన్నాను.

ఆ అమ్మాయి తెర తన వైపు తిప్పుకుంది.

బావమరిది మాత్రం చిక్కుల్లో పడ్డాడు. గదిని నన్ను నమ్ముకునే కొన్నాడు. నేను కడతానన్న లెక్క మీదే జీతం మిగిలింది మిగిలినట్టు ఖర్చయింది. గదికి అద్దెవాడు దొరకలేదు. అంత వెడల్పు తలుపుకు షట్టరు పెట్టించడం ఖర్చని కొట్టువాళ్లెవరూ ముందుకు రాలేదట. ఒక వాయిదా తప్పింది. తర్వాత ఇంకొకటి. గోదాము వెనక నా గది వెతుక్కుంటూ వచ్చాడు. గెడ్డం గీసుకోలేదు. వాల్చిన సోఫాను దాటి లోపలికి రాలేక గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ముల్లు వెనక్కి వచ్చేసింది బావా. బ్యాంకువాళ్లు ఆఫీసుకు ఫోన్ చేస్తున్నారు. అందరి ముందూ."

నేను రెక్సిన్ లాగుతున్నాను. మధ్యలో వదిలితే మడత పడుతుంది.

"తిరిగి వచ్చేయ్. అద్దె కూడా వద్దు. వాయిదా ఒక్కటి చూసుకో."

"నీ పేరున ఉన్నది నువ్వు కట్టుకో."

"నాకు అలవాటు లేదు బావా."

ఆ మాటలో అబద్ధం లేదు. పాతికేళ్లలో అతను నాతో చెప్పిన మొదటి నిజం అదే అనుకుంటాను. మూల మీద మేకు కొట్టి, రెండో మూల పట్టుకున్నాను.

"అక్క..." అన్నాడు.

"నీళ్లు కావాలంటే కుండలో ఉన్నాయి."

తాగలేదు. చాలాసేపు నిలబడి వెళ్లాడు.

అతని భార్య నిన్న ఫోన్ చేసింది. ముందు నా ఆరోగ్యం అడిగింది. తర్వాత గది సంగతి మొదలుపెట్టింది. ఆమె తప్పేమీ లేదు, ఆ సంగతి నాకు తెలుసు. కుర్చీ పని ఏమైనా ఉంటే పంపించమ్మా, అది తప్ప వేరే మాటయితే వద్దు అన్నాను. ఫోన్ పెట్టేశాను. టీచరమ్మ అడిగినా, తాళాలు అడిగినా, అతనే వచ్చి ఈ ఇరుకు గుమ్మంలో కూర్చుని అడిగినా ఇదే. ఆ గది గురించి, ఆ వాయిదాల గురించి నేను ఇక ఎప్పుడూ మాట్లాడను.